ఉరి నీడలో 48 ఏళ్లు... ఓ అక్క గెలిచిన కేసు

2024 సెప్టెంబర్ 26. జపాన్‌లోని షిజుఓక జిల్లా కోర్టు బయట వందలాది మంది గుమిగూడి ఉన్నారు. లోపల 91 ఏళ్ల పెద్దావిడ ఒకరు జడ్జి మాట కోసం ఎదురు చూస్తున్నారు. ఆమె పేరు హిదెకో హకమాడ. ముద్దాయి ఆమె కాదు, ఆమె తమ్ముడు. ఆయనకు అప్పటికి 88 ఏళ్లు. కోర్టుకు రావడానికి ఆయన మనసు బాగోలేదు కాబట్టి, తమ్ముడి తరఫున అక్క వచ్చి నిలబడింది.

జడ్జి తీర్పు చదివారు. నిర్దోషి!

ఆ మాట చెవిన పడ్డాక గంటసేపు కన్నీళ్లు ఆగలేదని ఆ తర్వాత హిదెకో చెప్పారు. ఆగుతాయా మరి? ఆ ఒక్క మాట కోసం ఆమె 58 ఏళ్లు ఎదురు చూశారు. ముప్ఫైల్లో మొదలుపెట్టిన పోరాటం తొంభైల్లో ముగిసింది.

ఆ తమ్ముడి పేరు ఇవావో హకమాడ. ప్రపంచంలోనే అత్యధిక కాలం ఉరిశిక్ష కింద గడిపిన ఖైదీగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిన మనిషి. ఎవరూ కోరుకోని రికార్డు అది. అసలు ఆయన చేసిన నేరమేంటి? చేయని నేరం ఆయన మెడకు ఎలా చుట్టుకుంది?

ఆ రాత్రి ఏం జరిగింది?

హకమాడ 1936లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. హిదెకో అతని కంటే మూడేళ్లు పెద్ద. కుర్రాడికి బాక్సింగ్ అంటే పిచ్చి. ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యాడు. ఫెదర్‌వెయిట్ విభాగంలో జపాన్‌లో ఆరో ర్యాంకు దాకా వెళ్లాడు. 1960లో ఒక్క ఏడాదిలోనే 19 పోటీల్లో తలపడ్డాడు. ఒళ్లు దెబ్బతిని మరుసటి ఏడాది బాక్సింగ్ మానేశాడు. తర్వాత షిమిజు అనే ఊళ్లో ఓ మిసో ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మిసో అంటే సోయా గింజల్ని ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టి చేసే ముద్ద. మనకు పప్పులో చింతపండు ఎలాగో, వాళ్ల సూపులో మిసో అలాగ.

1966 జూన్ 30. తెల్లవారుజాము. ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉన్న కంపెనీ డైరెక్టర్ ఇంట్లో మంటలు లేచాయి. ఫ్యాక్టరీ వసతి గదుల్లో పడుకున్న పనివాళ్లు పరుగున వెళ్లి మంటలు ఆర్పారు. వాళ్లలో హకమాడ కూడా ఉన్నాడు. మంటలు ఆరాక లోపల నాలుగు శవాలు కనిపించాయి. డైరెక్టరు, ఆయన భార్య, టీనేజ్‌లో ఉన్న కూతురు, కొడుకు. మంటల వల్ల చనిపోయినవాళ్లు కాదు, ఒంటినిండా కత్తిపోట్లు. చంపి, ఇంటికి నిప్పు పెట్టారన్నమాట. ఇంట్లో ఉన్న డబ్బు కూడా పోయింది. ఆ రాత్రి వేరే చోట పడుకున్న పెద్ద కూతురు ఒక్కతే ఆ కుటుంబంలో మిగిలింది.

ఊరు ఊరంతా వణికిపోయింది. పత్రికలు రోజూ రాస్తున్నాయి. హంతకుణ్ని పట్టుకోవాలని పోలీసుల మీద ఒత్తిడి. వాళ్ల కళ్లు హకమాడ మీద పడ్డాయి. బాక్సర్ కాబట్టి బలం ఉంది. భార్యతో విడిపోయాడు. చేతికి దెబ్బ కూడా ఉంది. మంటలు ఆర్పేటప్పుడు తగిలిందని అతను చెప్పినా వినలేదు. అతని పైజామా మీద కంటికి సరిగా ఆనని రక్తపు మరకలు దొరికాయన్నారు. ఆగస్టు 18న అరెస్టు చేశారు. అప్పటికి అతనికి 30 ఏళ్లు.

రోజుకు 12 గంటల విచారణ

అప్పుడు మొదలైంది అసలు నరకం. లాయర్ పక్కన లేకుండా రోజుకు సగటున 12 గంటలు విచారించారు. కొన్ని రోజులైతే 16 గంటలు కూడా దాటింది. నిద్ర లేదు. సరిగా నీళ్లివ్వలేదు, మరుగుదొడ్డికీ వెళ్లనివ్వలేదు. కొట్టారని హకమాడ కోర్టులో చెప్పాడు.

అరెస్టయిన 20వ రోజు, అంటే సెప్టెంబర్ 6న, అతను నేరం ఒప్పుకున్నాడు. కేసు పెట్టడానికి పోలీసులకున్న గడువు ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా జరిగిందిది.

కోర్టు మెట్లెక్కగానే మాత్రం నేను చంపలేదు అని గట్టిగా చెప్పాడు. ఆ మాట మీదే ఆఖరి దాకా ఉన్నాడు.

ఇక్కడ మన చట్టాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. మన దేశంలో పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి సాక్ష్యాధారాల చట్టంలోనే ఆ మాట రాసి ఉంది, ఇప్పుడొచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. స్టేషన్‌లో నాలుగు తగిలిస్తే ఎవడైనా ఒప్పుకుంటాడు అన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆ నియమం పెట్టారు. జపాన్‌లో అలా కాదు. అక్కడ నేరాంగీకారాన్ని సాక్ష్యాలన్నిటికీ రాణిలా చూసేవాళ్లు. హకమాడ పేరిట రాసిన నేరాంగీకార పత్రాలు మొత్తం 45. అందులో 44 బలవంతంగా రాబట్టినవని కోర్టే తోసిపుచ్చింది. మిగిలిన ఒక్కదాన్ని మాత్రం పట్టుకుంది.

తొట్టెలో దొరికిన గోనెసంచి

ఆ ఒక్క కాగితంతో కేసు నిలబడేలా లేదు. పైజామా మీది మరకలు నలుగుర్ని పొడిచి చంపిన మనిషి బట్టల మీద ఉండాల్సినట్టు లేవు. సరిగ్గా ఆ సమయంలో కథ మలుపు తిరిగింది.

1967 ఆగస్టు 31. హత్యలు జరిగి 14 నెలలైంది. హకమాడ ఏడాదిగా జైల్లోనే ఉన్నాడు. ఫ్యాక్టరీలో మిసో తొట్టెలోంచి సరుకు తీస్తున్న పనివాడికి అడుగున గోనెసంచి తగిలింది. విప్పి చూస్తే అందులో రక్తపు మరకలున్న ఐదు బట్టలు. చొక్కా, బనియను, ప్యాంటు, లోపల వేసుకునే పొడుగు లాగు, డ్రాయరు.

హత్యలు జరిగిన కొద్ది రోజులకే పోలీసులు ఫ్యాక్టరీని సోదా చేశారు. అప్పుడు ఆ తొట్టెలో ఏమీ దొరకలేదు. మరి ఇప్పుడెలా వచ్చాయి? ఆ ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రాసిక్యూషన్ వాళ్లు అప్పటిదాకా చెప్పిన పైజామా కథను పక్కన పెట్టి, ఈ బట్టలతోనే హత్యలు చేశాడు అని కొత్త కథ చెప్పారు. కొద్ది రోజులకే హకమాడ తల్లిదండ్రుల ఇంట్లో పోలీసులకు ఓ గుడ్డముక్క దొరికింది. అది సరిగ్గా ఆ ప్యాంటు గుడ్డేనన్నారు!

1968 సెప్టెంబర్ 11న షిజుఓక జిల్లా కోర్టు ఉరిశిక్ష వేసింది. కొడుకు ఇంటికొస్తాడని కళ్లు కాయలు కాచేలా చూసిన తల్లి ఆ ఏడాదే పోయింది. మరుసటి ఏడాది తండ్రి కూడా వెళ్లిపోయాడు.

అప్పీలులో ఆ ప్యాంటును హకమాడ చేత తొడిగించి చూశారు. తొడల దగ్గరే ఆగిపోయింది, పైకెక్కలేదు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చూశారు. ఎక్కలేదు. మిసోలో నాని, తర్వాత ఎండి ప్యాంటు కుంచించుకుపోయింది, అసలు సైజు పెద్దదే అన్నారు ప్రాసిక్యూటర్లు. ట్యాగు మీదున్న 'బి' అక్షరం పెద్ద సైజుకు గుర్తు అని వాదించారు. కోర్టు నమ్మింది. ఆ 'బి' సైజు కాదు, రంగును సూచించే అక్షరం అని ప్యాంటు తయారుచేసిన కంపెనీ మనిషి పోలీసులకు ఆనాడే చెప్పాడు. ఆ సంగతి డిఫెన్స్ లాయర్లకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

1976లో హైకోర్టు, 1980లో సుప్రీంకోర్టు ఉరిని ఖాయం చేశాయి.

తీర్పు రాసిన చెయ్యే...

ఈ కేసులో మరో మనిషి కూడా ఏళ్ల తరబడి నలిగిపోయాడు. ఆయన ఉరిశిక్ష రాసిన జడ్జి!

జిల్లా కోర్టులో విచారించింది ముగ్గురు జడ్జిలు. వాళ్లలో చిన్నవాడు నొరిమిచి కుమమొతో. హకమాడ నిర్దోషి అని ఆయన గట్టిగా నమ్మాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. ఓడిపోయింది ఆయన, తీర్పు రాయాల్సిన పనీ ఆయనదే. తను నమ్మని తీర్పును తన చేత్తోనే రాశాడు. కొన్ని నెలలకే జడ్జి ఉద్యోగానికి రాజీనామా చేశాడు. జడ్జిల మధ్య జరిగిన చర్చ బయటపెట్టకూడదన్నది అక్కడి నియమం. దాన్ని పక్కన పెట్టి 2007లో నోరు విప్పాడు. ఆ మనిషి హంతకుడు కాదని తాను అప్పుడే నమ్మానని లోకానికి చెప్పాడు. 2018లో ఆస్పత్రి మంచం మీద ఉండగా హకమాడను, హిదెకోను కలుసుకున్నాడు. నిర్దోషి అన్న తీర్పు వినకుండానే 2020లో కన్నుమూశాడు.

ఏ తెల్లారితే ఏమవుతుందో!

జపాన్‌లో ఉరి తీసే తేదీ ఖైదీకి ముందుగా చెప్పరు. ఆ రోజు ఉదయం తలుపు తీసి చెప్తారు. కొన్ని గంటల్లో అంతా అయిపోతుంది. కుటుంబానికి తర్వాత కబురు పెడతారు. అంటే ప్రతి ఉదయం వరండాలో వార్డర్ల బూట్ల చప్పుడు తన గది ముందు ఆగుతుందా, దాటి వెళ్తుందా అని చెవులు రిక్కించి వినాలి. దాటి వెళ్తే ఇంకో రోజు బతికినట్టు.

మన దేశంలో 2014లో సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది. క్షమాభిక్ష తిరస్కరించాక ఖైదీకి, ఇంటివాళ్లకు తెలియజేసి, కనీసం 14 రోజుల గడువివ్వాలంది. మతి చలించిన ఖైదీని ఉరి తీయకూడదనీ అంది.

హకమాడ ఒంటరి గదిలో అలాంటి ఉదయాలు వేల కొద్దీ చూశాడు. మొదట్లో ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. నేను నిర్దోషిని, నిజం బయటికొస్తుంది అని ధైర్యం చెప్పేవాడు. 1980 తర్వాత ఓసారి హిదెకో చూడ్డానికి వెళ్తే, పక్క గదిలో మనిషిని నిన్న ఉరి తీశారు అని వణుకుతూ చెప్పాడు. ఆ తర్వాత మెల్లమెల్లగా మాట తప్పింది. తనే దేవుణ్నంటాడు. కేసు అయిపోయిందంటాడు. కొన్నేళ్లు అక్కను చూడ్డానికి కూడా ఒప్పుకోలేదు.

అయినా ఆమె వెళ్లడం మానలేదు. లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి టోక్యో వెళ్లేది. కలవనని తమ్ముడు కబురు పంపితే వెనక్కి వచ్చేది. మళ్లీ నెల వెళ్లేది. నువ్వు ఒంటరివాడివి కాదు అని చెప్పడానికే అన్నేళ్లూ వెళ్లింది ఆవిడ.

రక్తం రంగు చెప్పిన నిజం

పునర్విచారణ కోసం 1981లో వేసిన మొదటి అర్జీ కొట్టేయడానికి 27 ఏళ్లు పట్టింది. 2008లో హిదెకో రెండో అర్జీ వేశారు. ఈసారి లాయర్లు పట్టుబట్టడంతో ప్రాసిక్యూటర్లు దాచిపెట్టిన సాక్ష్యాలు సుమారు 600 బయటికొచ్చాయి. వాటిలో ఆ ఐదు బట్టల కలర్ ఫొటోలున్నాయి.

ఆ ఫొటోల్లో రక్తపు మరకలు ఎర్రగా ఉన్నాయి. కేసు మొత్తం అక్కడే తిరిగింది.

ఎలాగో చూడండి. మన ఇంట్లో ఆవకాయ జాడీలో తెల్లగుడ్డ ఒకటి పడేసి ఏడాది తర్వాత తీస్తే ఎలా ఉంటుంది? దాని మీద మరకలు వేసినవి వేసినట్టే ఉంటాయా? ఉప్పులో, పులుపులో ఊరిన ఏ వస్తువూ రంగు మారకుండా ఉండదు. మిసో కూడా అంతే. లాయర్లు, శాస్త్రవేత్తలు రక్తం అంటిన గుడ్డల్ని మిసోలో ఊరబెట్టి పరీక్షించారు. ఏడాదికి పైగా ఉంటే ఎరుపన్నది మిగలదు, మరకలు నల్లబారిపోతాయి అని తేలింది.

మరి 14 నెలల తర్వాత తీసిన బట్టల మీద ఎరుపు ఎందుకుంది? ఒకటే జవాబు. ఆ బట్టలు అందులో అన్ని నెలలు లేవు. దొరకడానికి కొంతకాలం ముందే ఎవరో పెట్టారు. అప్పటికి హకమాడ జైల్లో ఉన్నాడు. కాబట్టి పెట్టింది అతను కాదు. మరెవరు? వేలు పోలీసుల వైపే చూపిస్తోంది.

డీఎన్‌ఏ పరీక్ష కూడా హకమాడకే అనుకూలంగా వచ్చింది. 2014 మార్చి 27న షిజుఓక జిల్లా కోర్టు పునర్విచారణకు ఆదేశించింది. ఇంకా జైల్లో ఉంచడం న్యాయానికి పూర్తిగా విరుద్ధమంటూ ఆ రోజే వదిలేయమంది. 78 ఏళ్ల వయసులో హకమాడ బయటికొచ్చాడు. 30 ఏళ్ల వాడిగా లోపలికెళ్లిన మనిషి!

అయినా అయిపోలేదు. ప్రాసిక్యూటర్లు అప్పీలు చేశారు. 2018లో హైకోర్టు పునర్విచారణ కుదరదంది. 2020లో సుప్రీంకోర్టు రక్తం రంగు సంగతి మళ్లీ తేల్చమంది. 2023 మార్చిలో టోక్యో హైకోర్టు పునర్విచారణకు పచ్చజెండా ఊపింది. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదలైన విచారణలో ప్రాసిక్యూటర్లు మళ్లీ ఉరిశిక్షే అడిగారు. 88 ఏళ్ల మనిషికి!

చివరికి 2024 సెప్టెంబర్ 26న జడ్జి కోషి కునీ మూడు విషయాలు తేల్చిచెప్పారు. నేరాంగీకారం, ఐదు బట్టలు, ఇంట్లో దొరికిన గుడ్డముక్క... మూడూ దర్యాప్తు అధికారుల కల్పనే. ఇంత ఆలస్యం అయినందుకు హిదెకోకు కోర్టు తరఫున క్షమాపణ కూడా చెప్పారు. అక్టోబర్‌లో ప్రాసిక్యూటర్లు అప్పీలు చేయబోమన్నారు. తీర్పు ఖాయమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఉరిశిక్ష పడి, పునర్విచారణలో నిర్దోషిగా తేలినవాళ్లలో హకమాడ ఐదో మనిషి.

ఆ తర్వాత షిజుఓక పోలీస్ చీఫ్ స్వయంగా వాళ్లింటికి వచ్చి తల వంచి క్షమాపణ కోరారు. 2025 మార్చిలో కోర్టు 21 కోట్ల 70 లక్షల యెన్‌లకు పైగా పరిహారం ప్రకటించింది. మన డబ్బులో సుమారు 12 కోట్లు. జైల్లో గడిపిన ఒక్కో రోజుకు 12,500 యెన్‌ల లెక్క. చట్టం ప్రకారం ఇవ్వగలిగింది అంతే.

మనకేంటి?

ఎక్కడో జపాన్ కథ, మనకెందుకు అనుకోవచ్చు. కానీ ఇలాంటిది మన దగ్గరా జరిగింది. 2003లో మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర జరిగిన హత్యల కేసులో సంచార కులానికి చెందిన ఆరుగురికి 2009లో సాక్షాత్తు మన సుప్రీంకోర్టే ఉరిని ఖాయం చేసింది. పదేళ్ల తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు వాళ్లు ఆరుగురూ నిర్దోషులని తేల్చింది. మనిషికి 5 లక్షల పరిహారం ఇప్పించింది. అప్పటికి వాళ్లు 16 ఏళ్లు జైల్లో ఉన్నారు. నేరం జరిగినప్పుడు వాళ్లలో ఒకడు మైనరు. మధ్యలో ఎప్పుడో ఉరి తీసేసి ఉంటే ఆ 2019 తీర్పు ఎవరికి చదివి వినిపించేవాళ్లు?

ఘోరమైన నేరం జరిగినప్పుడల్లా వెంటనే ఉరి తీయండి అని మనం కూడా అంటాం. ఆ కోపం అబద్ధం కాదు. నలుగురున్న కుటుంబాన్ని పొడిచి తగలబెట్టారంటే షిమిజు జనానికి కోపం రాదా? ఆ కోపమే పోలీసుల్ని తొందరపెట్టింది. తొందరలో చేతికి దొరికినవాణ్ని పట్టుకున్నారు. దానివల్ల హకమాడ ఒక్కడికే అన్యాయం జరగలేదు. ఆ నలుగుర్ని చంపిందెవరో ఇవాళ్టికీ తేలలేదు. పోలీసులు నిజమైన హంతకుణ్ని వెతకడం 1966 ఆగస్టులోనే మానేశారు కదా! ఆ కుటుంబంలో మిగిలిన ఒక్కగానొక్క కూతురికి కూడా న్యాయం దొరకలేదు.

హకమాడ ఇప్పుడు హమమత్సులో అక్క దగ్గరే ఉంటున్నాడు. జైలు నుంచి వచ్చిన కొత్తలో గదిలోనే గంటల తరబడి అటూ ఇటూ నడిచేవాడు. తర్వాత ఊళ్లో నడక మొదలుపెట్టాడు. మనసు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. బాక్సింగ్ లోకం ఆయన్ని మర్చిపోలేదు. 2014లో డబ్ల్యూబీసీ సంస్థ గౌరవ చాంపియన్ బెల్టు ఇచ్చింది.

తీర్పు వచ్చిన రోజు హిదెకో ఇంటికెళ్లి, నువ్వు చెప్పిందే నిజమైంది, గెలిచావు అని తమ్ముడికి చెప్పింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడు రోజుల తర్వాత మద్దతుదారుల సభలో మాత్రం లేచి నిలబడి, పూర్తిగా గెలిచామని, ఇక ఎదురుచూడలేకపోయానని అన్నాడు.

హిదెకో ఇప్పటికీ తమ్ముడికి అన్నం పెడుతోంది, చట్టం మారాలని సభల్లో మాట్లాడుతోంది. దాచిన సాక్ష్యాలు బయటపెట్టించే నియమం ఉండాలని, పునర్విచారణ ఆదేశాల మీద ప్రాసిక్యూటర్లు ఏళ్ల తరబడి అప్పీలు చేయకుండా ఆపాలని ఆమె కోరిక. తన తమ్ముడు బయటపడ్డాడు కదా, ఇంకెందుకమ్మా ఈ తిరుగుడు అంటే... లోపల ఇంకెవరి తమ్ముడో ఉన్నాడేమో అన్నదే ఆమె దిగులు.